ఏడు చిక్కుడు గింజలు, ఒక పగిలిన గోలెం

మా అత్తమ్మ పాల కవర్లు కడిగి దండెం మీద ఆరేస్తుంది. చీరలు, తువ్వాళ్లు, వాటి పక్కన క్లిప్పులు పెట్టిన పాల కవర్లు వరసగా. కామారెడ్డిలో మా గల్లీలో ఎవరిని అడిగినా మా ఇంటికి అదే గుర్తు చెబుతారు. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ దండెం చూస్తే నాకు ఒళ్లు మండేది. నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ఇంట్లోవాళ్లకే కాదు, నా బడి పిల్లలకు కూడా బాగా తెలుసు.

నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. రెండేళ్ల కింద, వేసవి సెలవులకు ముందు, ఒక సారు మా బడికి వచ్చి ఇంటి చెత్త గురించి గంటసేపు మాట్లాడాడు. వంటింట్లోంచి రోజూ ఏమేం బయటికి పోతాయో, అవి ఎక్కడికి చేరతాయో బొమ్మలు వేసి చూపించాడు. పిల్లలు ఆవలించారు కానీ నాకు మాత్రం ఆ మాటలు బుర్రలో కూర్చున్నాయి. నేను ఏదైనా పట్టుకుంటే సగంలో వదిలే రకం కాదు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, కొంగు నడుముకు చెక్కి, వంటింటి అల్మారా ముందు కూర్చున్నాను.

ఏమేం లేవు దాంట్లో! మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, హోటల్ సాంబారు వచ్చిన ప్లాస్టిక్ గిన్నెలు, ఎవరి పెళ్లిలోనో ఇచ్చిన రంగురంగుల సంచులు. అన్నిటికంటే అడుగున, దారంతో కట్టిన ఒక పెద్ద కట్ట. కడిగి, ఆరబెట్టి, మడతపెట్టిన పాల కవర్లు. అన్నీ ఒక బస్తాలో కుక్కి చెత్త బండిలో వేయించాను. అత్తమ్మ అప్పుడు ఇంట్లో లేదు, చేసిన బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయింది.

ఆమె వచ్చి అల్మారా చూసింది. "కవర్లేవి బిడ్డా?" అన్నది.

"పారేసిన అత్తమ్మా. ఇగ మన ఇంట్ల ప్లాస్టిక్ ఉండద్దు."

"గవి ఉత్తగ పెట్టుకోలే నేను..."

"ఉత్తగ పెట్టినా ఎట్ల పెట్టినా, వద్దంటే వద్దు."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, చాట ఒళ్లోకి లాక్కుని, కత్తెర తీసుకుని తునికాకు కోయడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. ఇగ చాలించమని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా "చేతులు ఊకుంటే పానం గుంజుతది కొడకా" అంటుంది తప్ప మానదు.

ఆ తర్వాత ఇంట్లో నా రాజ్యం మొదలైంది. కూరగాయలకు బట్ట సంచి, నూనెకు క్యాను, మటనుకు స్టీలు డబ్బా. పాలు మాత్రం కవర్లలోనే వచ్చేవి, అత్తమ్మ వాటిని కడిగి ఆరేస్తూనే ఉండేది. మొదటి ఆదివారం డబ్బా పట్టుకుని పోతే మటన్ దుకాణం ఆయన కత్తి ఆపి, "ఏంది మేడం, ఈడనే తిని పోతవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నేను వెనక్కి తగ్గలేదు. రెండో వారం మా ఆయనను పంపాను. పాపం, ఆయనకు డబ్బా చేత పట్టుకుని బజారులో నడవాలంటే నామోషీ. ఎవరికీ కనిపించకుండా ఆ స్టీలు డబ్బాను ఒక నల్ల ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తీసుకుపోయాడు! నవ్వాలో తిట్టాలో తెలియక నేను రెండూ చేశాను.

గిన్నెలు తోమే స్పాంజీ తీసేసి బీర పీచు తెచ్చాను. సబ్బు బదులు నీళ్ల పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి పెట్టాను. అత్తమ్మ అది చూసి నవ్వింది. "మా అవ్వ గిట్లనే తోమేది. నాగరికం అని సబ్బు తెచ్చింది మీరే, నాగరికం అని బూడిద తెచ్చింది మీరే" అన్నది. నేను ఊరుకుంటానా? "అప్పుడు తెలియక చేసిండ్రు, ఇప్పుడు తెలిసి చేస్తున్నం" అన్నాను. పెద్ద తెలివి నాది.

మిగిలింది తడి చెత్త. వాకిట్లో గోడ పక్కన పాత గోలెం ఒకటుండేది. ఒకప్పుడు నీళ్లు పోసుకున్న పెద్ద మట్టి గోలెం, మూతి పగిలి మూలకు చేరింది. అడుగున చిల్లి కొట్టించి అందులో కూరగాయల తొక్కలు వేయడం మొదలుపెట్టాను. తడి చెత్త ఎంత వేస్తే అంత ఎండాకు కూడా వేయాలని నేను ఫోనులో చూసిన వీడియోలో చెప్పారు. మా గల్లీలో చెట్టెక్కడిది? అప్పుడు తట్టింది నాకు. ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఆకును కొలతకు కోయగా మిగిలిన అంచులు గంపలకు గంపలు. కొందరు పొయ్యిలో పెడతారు, కొందరు మోరీలో వేస్తారు. బంగారం లాంటి ఎండాకు వృథాగా పోతుంటే నేనెక్కడెక్కడో వెతుకుతున్నాను!

సాయంత్రాలు గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "తీస్కపో టీచరమ్మా, మాకు ఊడ్సుడు తప్పుతది" అని సంబరంగా చాటలే బోర్లించారు. ఆకు తుక్కుతో పాటు చాటలో ఉన్నదంతా నా గంపలో పడింది. గోలెం నిండింది. నా అంత గొప్పది లోకంలో ఇంకొకతె లేదన్నట్లు ఫొటో తీసి బడి గ్రూపులో పెట్టాను.

సదాశివనగర్ నుంచి రోజూ బస్సులో వచ్చే తెలుగు టీచరు ఒకామె ఉంది, వాళ్లది వ్యవసాయం. బడి తెరవగానే ఆమె నాకోసం గుప్పెడు ఎర్రలు, అవే వానపాములు, తడి మట్టిలో పెట్టి పాత టిఫిన్ డబ్బాలో తెచ్చింది. స్టాఫ్ రూంలో ఆ డబ్బాను లెక్కల సారు పులిహోర అనుకుని మూత తీశాడు. ఆ కేక హెడ్మాస్టరు గది దాకా వినిపించింది. ఆ రోజంతా మేం నవ్వుతూనే ఉన్నాం, ఆయన మాత్రం అన్నం తినలేదు. ఎర్రలను గోలెంలో వదిలాను. పది రోజుల తర్వాత కెలికి చూస్తే ఒక్కటీ కనబడలేదు. చల్లదనానికి అడుక్కు పోయి ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇప్పుడు చిక్కుడు సంగతి చెప్పాలి. అత్తమ్మ పుట్టిల్లు మాచారెడ్డి దిక్కు. వాళ్ల అవ్వ, అంటే అమ్మ, పెట్టిన చిక్కుడు అది, కాయ అంచుకు వంకాయ రంగు గీత ఉంటుంది, ఉడికితే నోట్లో కరిగిపోతుంది. బజారులో ఎంత వెతికినా ఆ కాయ దొరకదు. అత్తమ్మ ఏటేటా తీగ పెట్టి, విత్తనం తీసి, బూడిదలో కలిపి దాస్తుంది. ఆ ముందటి చలికాలంలో కోతుల మంద మిద్దె మీద పడి, తీగను పీకి, విత్తనానికి వదిలిన కాయలు కూడా నమిలిపోయింది. దొరికినవి వెతికి ఏరితే ఏడు గింజలు. మరుసటి ఏడాది దాకా అవే ఆధారం.

ఇంకో చోట ఆ విత్తనం ఉంది, కానీ లేనట్లే. అత్తమ్మకు ఒక చెల్లెలు, నాకు చిన్నత్తమ్మ, ఎల్లారెడ్డిలో ఉంటుంది. పెళ్లయి పోయేటప్పుడు అత్తమ్మే ఆమె కొంగులో ఆ గింజలు కట్టింది. అంత ప్రేమ అక్కాచెల్లెళ్లది. అప్పటికి ఏడేళ్ల కింద చిన్నత్తమ్మ ఇంట్లో ఒక ఫంక్షన్ అయింది. కొత్త వియ్యాలవారు బంతిలో కూర్చుని తింటుండగా అత్తమ్మ అందరూ వినేటట్లు, "గిదేంది చెల్లే, చిక్కుడుకాయకు పీచు తియ్యకుంట వండినవ్?" అన్నది. అంతే. చిన్నత్తమ్మకు వియ్యాలవారి ముందు తల కొట్టేసినట్లయింది. "ఇగ నీ గడప తొక్క" అన్నది. "నేను నీది అసలే తొక్క" అన్నది మా అత్తమ్మ. పీచు కోసం ఏడేళ్లు మాటల్లేవు. ఒకరి పేరు ఒకరి ముందు ఎత్తడానికి అందరికీ భయం.

ఆషాఢంలో వానలు పడ్డాయి. అత్తమ్మ ఏడు గింజలు అరచేతిలో పోసుకుని వాకిట్లోకి వచ్చింది. పాడి ఉన్న వాళ్ల ఇంటి నుంచి పెండ ఎరువు అడిగి తెచ్చుకుంటానన్నది.

"నా ఎరువు గంత ఉండంగ పెండ ఎందుకు అత్తమ్మా? నల్లగ అయింది చూడు."

"అయింది గని బిడ్డా, చెయ్యి పెడితె కాలుతున్నది. మూడు నీ దాంట్ల పెట్టు, నాలుగు నాకిడువు."

"పెడితే అన్నీ నా దాంట్లనే. నామీద నమ్మకం లేదా?"

నమ్మకం అనే మాట నేను తేవలసింది కాదు. ఆమె ఏడు గింజలూ నా చేతిలో పోసింది. నేను కుండీ నిండా నా ఎరువు పోసి, ఏడూ పెట్టి, నీళ్లు చల్లాను.

నాలుగు రోజులకు లేవవలసిన మొలక పది రోజులైనా లేవలేదు. పన్నెండో రోజు వేలు పెట్టి తవ్వితే ఒక్కొక్క గింజా నల్లగా, మెత్తగా నా వేళ్ల మధ్య చితికిపోయింది. ఏడూ అంతే. మంచి మనిషైతే అక్కడ ఏడుస్తుంది. నాకు కోపం వచ్చింది.

"నువ్వే ఏదో పోసినవ్! వేడి గంజి పోసినవా కుండీల?" అని అరిచాను. గల్లీ అంతా విన్నది.

అత్తమ్మ బీడీ చుట్టే చేయి ఆగింది. "పొయ్యలే బిడ్డా" అన్నది. తిరిగి ఒక మాట అన్నా బాగుండేది. ఆ సాయంత్రం చాట పక్కన పెట్టి గోడ దిక్కు తిరిగి పడుకుంది. రెండు రోజులు దండెం మీద పాల కవరు కనబడలేదు. ఇన్నేళ్లూ ఏది పోతే బాగుండనుకున్నానో అది పోయింది, ఇల్లు బోసిగా అయింది.

మూడో రోజు, గింజల సంగతి చెబితే, తెలుగు టీచరు మా ఇంటికి వచ్చింది. గోలెంలో చేయి పెట్టి, గుప్పెడు తీసి, వాసన చూసి, తుమ్మింది.

"మేడం, దీంట్ల పొగాకు పొడి ఉన్నది గదా! ఎర్రలు ఎట్ల బతుకుతయి? మా బాపు పురుగులకు పొగాకు నీళ్లే కొడుతడు. ఎరువు గూడ ఇంక పచ్చిగనే ఉన్నది, ఆ వేడికి గింజలు ఉడికిపోయినయి."

నేను పొగాకు పురుగుల మందు అని ఏటేటా పిల్లలకు చెబుతాను. పరీక్షలో అడుగుతాను కూడా. చాటల్లో ఆకు తుక్కుతో పాటు రాలిన గోధుమ రంగు పొడి ఏమిటో నాకు ఒక్క రోజూ తట్టలేదు. ఆకే చూశాను, పొడి చూడలేదు. ఇంట్లో నలభై ఏళ్లుగా ఆ పొడిలోనే కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమెను బస్సెక్కించి వచ్చి అత్తమ్మ ముందు కూర్చున్నాను. "తప్పు నాదే అత్తమ్మా. పొగాకు పడ్డది గోలెంల. నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టిన" అన్నాను. ఏడుపొచ్చింది.

"పొగాకు దుమ్ము పడ్డదా? అయ్యో!" అని ఆమె తల పట్టుకుంది. "గా దుమ్ము మట్టిల పడితే ఎర్ర బతకదు అని పసిపోరికి గూడ ఎరుకే గదా. ఒక్క మాట అడగకపోతివి బిడ్డా. చెప్తుంటి గదా."

తిట్టినా ఇంత తగిలేది కాదు. తర్వాత ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ "మా అవ్వ విత్తనం. నాతోటి ఒడిసిపాయె" అన్నది. పదేళ్ల పిల్ల లాగా కనబడింది నాకు. ఆ రోజే అనుకున్నాను, ఎల్లారెడ్డి పోవాలని.

ఆదివారం బస్సెక్కాను. అత్తమ్మకు చెప్పే పోయాను. "దాని గడపకు నేను రాను" అన్నది కానీ, నువ్వు పోవద్దని మాత్రం అనలేదు.

చిన్నత్తమ్మ వాకిట్లోకి అడుగుపెట్టగానే ఆగిపోయాను. దండెం మీద రెండు చీరలు, వాటి పక్కన వరసగా క్లిప్పులు పెట్టి పాల కవర్లు. నవ్వాగలేదు నాకు. ఏడేళ్లు మాట్లాడుకోకుండా ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు.

"ఏంది, మా అక్క పంపిందా?" అన్నది చిన్నత్తమ్మ. సన్నటి మనిషి, నోరు మాత్రం సన్నం కాదు.

"పంపలే చిన్నత్తమ్మా. తప్పు నేను జేసిన. గింజలన్నీ నా చేతుల ఖరాబైనయి. నేనే అడుగుతున్న" అని గోలెం కథంతా చెప్పాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "పొగాకుల ఎర్రలేసినవా! సైన్సు టీచరమ్మవు!" అని మళ్లీ నవ్వింది.

నవ్వడం అయ్యాక మొహం గట్టిగా పెట్టింది. "ఆమెకైతే ఇయ్య. నీకిస్త. నువ్వేం పాపం జేసినవ్, ఆమె కోడలివైన పాపం తప్ప" అని లోపలికి పోయి, దూలానికి కట్టిన మూట విప్పింది. కడిగిన పాల కవరు, అందులో బూడిద, బూడిదలో గింజలు. ఇంకో పది ఖాళీ కవర్లు కూడా మడిచి నా సంచిలో పెట్టింది.

"ఇవెందుకు?" అన్నాను.

"మొలకలకు. అడుగున చిల్లులు పొడిచి, మట్టి పోసి, ఒక్కో దాంట్ల ఒక్కో గింజ పెడుతం. నాలుగాకులైనంక భూమిల దించుతం. మా అవ్వ ఆకుదొప్పల్ల పెట్టేది, మేం కవర్లల్ల పెడుతున్నం. మీ అత్త పెట్టదా?"

పెడుతుంది. నేను పారేసిన కట్ట అందుకే. 'ఉత్తగ పెట్టుకోలే నేను' అని ఆమె అన్నప్పుడు మిగతా మాట నేను విననేలేదు. చిన్నత్తమ్మ బస్సు దాకా వచ్చింది. నేను ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "మోకాళ్ల నొప్పి ఎట్లున్నది దానికి? నేనడిగిన్నని చెప్పకు" అన్నది.

ఇంటికి రాగానే చెప్పేశాను. అత్తమ్మ వినబడనట్లు బీడీ చుట్టింది. మూట ముందు పెడితే "నీకిచ్చింది గదా, నువ్వే పెట్టుకో" అన్నది.

"నాకు రాదు అత్తమ్మా. ఎట్ల పెట్టాల్నో చెప్పు."

ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమెను నేను అలా అడగడం అదే మొదలు. ముందు కూర్చున్న చోటు నుంచే చెప్పింది. చిల్లులు ఎక్కడ, మట్టి ఎంత, గింజ ఎటు దిక్కు పెట్టాలి. నేను రెండోది తలకిందులుగా పెట్టేసరికి, "అట్ల గాదు తల్లీ!" అని చాట దించి, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది. నాలుగో రోజుకు కవర్లలో పచ్చటి మెడలు లేచాయి. మా ఆయనను పిలిచి చూపిస్తూ ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు వేశాం.

గోలెం ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు ఆకు తుక్కు జల్లెడ పట్టకుండా గోలెం దగ్గరికి రాదు. జల్లెడ కింద మిగిలిన పొగాకు పొడిని అత్తమ్మ నీళ్లలో నానబెట్టి, వడగట్టి, తీగకు పేనుబంక పట్టినప్పుడు చీపురుతో చల్లింది. రెండు మూడుసార్లు చల్లేసరికి బంక పోయింది. కోతులు వస్తే నేను నా స్టీలు ప్లేట్లు వాయించాను. ఆ చప్పుడుకు కోతులతో పాటు పక్కింటివాళ్లు కూడా పరుగెత్తారు.

చలి ముదిరే నాటికి మొదటి కోత వచ్చింది. ఆ పొద్దు అత్తమ్మ బీడీల జోలికి పోలేదు. కాయలు ముందు పోసుకుని ఒక్కొక్క కాయకు ఇటు పీచు, అటు పీచు తీసింది. వెలుగుకు పట్టి చూసింది, మళ్లీ గోరు పెట్టి గీరింది. నేను సాయం పడతానంటే నా చేయి తోసేసింది. కూర వండి, స్టీలు డబ్బాలో పెట్టి, మంచి చీర కట్టుకుని, "బస్సెప్పుడున్నది?" అన్నది.

"ఎక్కడికి?" అన్నాను, తెలిసి తెలిసి.

"విత్తనం తీస్కొని ఉట్టిగ ఉంటరా ఎవలన్న? మొదటి కాపు ఇయ్యాలె. నడువు."

చిన్నత్తమ్మ గడప ముందు ఆగి, అత్తమ్మ లోపలికి పోలేదు. నేలను చూస్తూ నిలబడింది. చిన్నత్తమ్మ బయటికి వచ్చి అక్కను చూసి కదలలేదు. కాసేపటికి అత్తమ్మే, "కాళ్లకు నీళ్లియ్యవా?" అన్నది. చిన్నత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, అక్క చేతికి ఇవ్వకుండా తానే కాళ్ల మీద పోసింది. అత్తమ్మ గడప దాటింది.

అన్నం పెట్టుకున్నారు. చిన్నత్తమ్మ కూర కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలింది. అత్తమ్మ తినకుండా చెల్లెలి నోటినే చూస్తూ కూర్చుంది.

"పీచున్నదక్కా" అన్నది చిన్నత్తమ్మ.

అత్తమ్మ మొహం ఎర్రబడింది. అయిపోయింది, ఇంకో ఏడేళ్లు అనుకున్నాను నేను. "యాడున్నది? చూపెట్టు! పొద్దుగాల నుంచి కూసోని తీసిన, యాడున్నది?" అని అత్తమ్మ చెల్లెలి పళ్లెంలో చేయి పెట్టి వెతకబోయింది. చిన్నత్తమ్మ ఆ చేయి పట్టేసుకుంది.

"లేదక్కా. ఏడేండ్ల సంది అందామని దాసుకున్న" అన్నది. అని నవ్వబోయి, ఏడ్చేసింది.

అత్తమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. ఎడమ చేత్తో డబ్బా మూత తీసి, మిగిలిన కూరంతా చెల్లెలి పళ్లెంలో ఒంపింది. "తిను. సల్లారిపోతది" అన్నది.